ఏమీ పండలేదన్న ఊలీపీక

ఉత్తరాన మంచు సముద్రం ఒడ్డున ఉన్న మా ఊళ్ళో వేట దొరికినవాడు బూట్లు విప్పకముందే ఊరి రేడియోకు ఫోన్ చేస్తాడు. "మా ఇంట్లో కాస్త మాంసం ఉంది. ఏదో బక్కది. తినగలిగినవాళ్ళు వచ్చి పట్టుకెళ్ళండి" అంటాడు. ఆ మాట వినగానే ఊరంతా గిన్నెలు తీసుకుని బయలుదేరుతుంది. బక్కది అన్నాడంటే బాగా కొవ్వు పట్టిందన్నమాట. "మరీ చిన్నది, చెప్పడానికే సిగ్గుగా ఉంది" అన్నాడంటే రెండు దొరికాయన్నమాట. గొప్పలు పోయినవాడి వైపు జంతువు మళ్ళీ కన్నెత్తి చూడదు. ఇది మాకు ఎవరూ కూర్చోబెట్టి నేర్పిన సంగతి కాదు. నడక వచ్చినట్టు వస్తుంది.

ఊలీపీక అలా ఫోన్ చేసే ఇంటి మనిషి. ఆమె భర్త ఇనేయాక్ మంచి వేటగాడు. ముప్పైయేళ్ళ పాటు ఆమె ఆ ఇంట్లో నేలమీద అట్టలు పరిచి, అర్ధచంద్రంలాంటి కత్తి పట్టుకుని, వచ్చినవాళ్ళందరికీ కోసి ఇచ్చింది. ఎవరి ఇంట్లో ఎంతమంది ఉన్నారో, ఎవరి పళ్ళు ఎలా ఉన్నాయో ఆమెకు తెలుసు. ముసలివాళ్ళకు మెత్తటిది, బాలింతకు కాలేయం. మిగతా వేళల్లో సముద్రంలో దొరికే సీల్ తోలుతో బూట్లు కుట్టేది. ఆమె కుట్టులోంచి నీటిబొట్టు దూరదని పేరు. తర్వాత భర్త పోయాడు. ఆ వెనకే కళ్ళు మసకబారి సూది కూడా దూరమైంది. అప్పటినుంచి రేడియో విని గిన్నె పట్టుకుని వెళ్ళేవాళ్ళలో ఆమె ఒకతె.

అందుకు ఎవరూ ఆమెను తక్కువగా చూడలేదు. మొగుడు పోయిన మనిషికి ముందుగా పెట్టడం మా పద్ధతి. అయినా ఒకరోజు నా వంటింట్లో టీ తాగుతూ అరచెయ్యి పైకి తిప్పి నాకు చూపించింది. "నాలుగేళ్ళ నుంచి నా చెయ్యి ఇలాగే ఉంది, లేతియా" అన్నది. చెయ్యి బోర్లా తిప్పి, "ఇలా తిప్పడం మరిచిపోతానేమో" అన్నది. తర్వాత నవ్వి, రొట్టె ఇంకో ముక్క అడిగింది.

నేను బడిలో లైబ్రరీ చూసేదాన్ని. చదువు పిచ్చి ఎక్కువ, మాట తక్కువ. రెండు భాషలూ వచ్చినందువల్ల దక్షిణం నుంచి ఎవరు వచ్చినా ఇటు మాట అటు, అటు మాట ఇటు చెప్పడానికి నన్నే పిలిచేవాళ్ళు. ఆమె కన్నా పదేళ్ళు చిన్నదాన్ని. అక్కా అని పిలిచేదాన్ని.

ఆ ఏడు ఎండాకాలపు ఓడలో చెక్క దూలాలూ, పారదర్శకంగా ఉన్న ప్లాస్టిక్ పలకలూ దిగాయి. దక్షిణాన ఏదో ఆఫీసు పంపించింది. కూరగాయలు పెంచుకోండి, మూడేళ్ళు చూస్తాం, మీకు అక్కరకు రాకపోతే విప్పి ఇంకో ఊరికి పంపుతాం అన్నారు. నీళ్ళ ట్యాంకు వెనక ఆ ఇల్లు లేచింది. కాగితాల మీద దాని పేరు గ్రీన్‌హౌస్. మావాళ్ళు ఒకసారి లోపలికి వెళ్ళి, కోటు విప్పుకుని బయటికి వచ్చి చెమటిల్లు అన్నారు. ఆ పేరే నిలిచింది. నేర్పడానికి వచ్చినాయన రెండు వారాలు ఉండి వెళ్ళిపోయాడు. ఆ పైన ఎవరూ అటు పోలేదు, ఊలీపీక తప్ప. ఆమె కూడా మొక్కల కోసం వెళ్ళలేదు. మోకాళ్ళ నొప్పులకు అక్కడి వెచ్చదనం హాయిగా ఉందని బకెట్టు బోర్లించి దాని మీద కూర్చునేది.

ఖాళీగా కూర్చోవడం ఆమెకు చేతకాదు. మట్టి లేదు కాబట్టి మట్టి తయారుచెయ్యడంతో మొదలుపెట్టింది. చిత్తడి నేలలోంచి నల్లటి పీచు, ఒడ్డుకు కొట్టుకొచ్చిన సముద్రపు నాచు, చేపల పేగులు. ఊరి కాకులన్నీ చెమటిల్లు చుట్టూ చేరాయి. విత్తనాలు గుబురుగా మొలిచినప్పుడు బలహీనమైనవి పీకి పారెయ్యాలని నేర్పినాయన రాసిపెట్టి వెళ్ళాడు. ఆ కాగితం చదివి చెప్పింది నేనే. ఆమె నావైపు విచిత్రంగా చూసింది.

"పీకి? తినరా?"

"తినరట. పారెయ్యడమే."

"తినకుండా ఊరికే చంపుతారా? ఏం మనుషులే వాళ్ళు!"

పీకిన ప్రతి మొలకనూ సూపు డబ్బాలో పెట్టి బతికించింది. డబ్బాలకు చోటు చాలక ఇల్లిల్లూ తిరిగి ఇచ్చింది. మరుసటి ఎండాకాలం మా ఊరి కిటికీలన్నీ సూపు కంపెనీ దుకాణాల్లా ఉండేవి.

జూన్‌లో మా దగ్గర చీకటి పడదు. పాలకూర ఆకులు వెయ్యడం మానేసి నిలువునా పెరిగి పూతకు పోయింది. ముల్లంగి కూడా అదే దారి పట్టేలా ఉంది. పుస్తకంలో దీనికి ఏవేవో కారణాలు ఉన్నాయి. ఊలీపీక మొక్కల పక్కన ఒక పూట కూర్చుని, "వీటికి నిద్ర లేదు" అని తేల్చింది. ఇంటికి వెళ్ళి ఇనేయాక్ వేట గుడారం దించింది. మందపాటి పాత కాన్వాసు. దాన్ని కోసి, తడుముకుంటూ కుట్టి, మొక్కల వరసల మీద కప్పడానికి దుప్పట్లు చేసింది. "దీనికి కళ్ళు అక్కర్లేదు, వేళ్ళు చాలు" అన్నది. రోజూ సాయంత్రం రేడియోలో వార్తలు అయ్యాక దుప్పట్లు కప్పేది, పొద్దున్న టీ తాగి వచ్చి తీసేది. ముల్లంగి తల తిప్పుకుని దారికి వచ్చింది.

ఈ దుప్పట్ల సంగతి జేపూటి చెవిన పడింది. జేపూటి ఆమె మేనమామ కొడుకు. అరవై అయిదేళ్ళ వేటగాడు, మూడు పళ్ళ మనిషి. మా వాళ్ళలో బావామరదళ్ళు ఒకళ్ళనొకళ్ళు ఎంత మాటైనా అనొచ్చు, కోపం తెచ్చుకున్నవాళ్ళు ఓడినట్టు. వీళ్ళిద్దరూ అరవయ్యేళ్ళుగా ఓడలేదు.

"ఏం మరదలా, జోల పాడొచ్చావా? పాలకూర పక్క తడిపిందా?" అన్నాడు కొట్టు ముందు, అందరూ వినేలా.

"తడిపింది బావా. దుప్పటి ఉతకడానికి నిన్నే పిలుద్దామనుకుంటున్నా. పదేళ్ళొచ్చేదాకా తడిపినవాడివి, నీకు అలవాటేగా."

"నేను గడ్డి తినే కారిబూ దుప్పిని తింటాను. నువ్వు మధ్యలో కారిబూను తీసేశావు."

"కొట్టడం నీకు రావట్లేదని తీసేశాను."

మొదటి ముల్లంగులు గుప్పెడు వచ్చాయి. ఊలీపీక ఒక్కటి కూడా నోట్లో పెట్టుకోలేదు. మొదటిసారి దొరికినదాంట్లో వేటగాడు ఏమీ ఉంచుకోడు, తనను కన్నప్పుడు పట్టిన మంత్రసానికి ఇస్తాడు. ఊలీపీకను చేతుల్లోకి తీసుకున్న మంత్రసాని ఎప్పుడో పోయింది. కాని ఆమె పేరు పెట్టుకున్న మనిషి ఊళ్ళో ఉంది. కూయూ, ముప్పైయేళ్ళ పిల్ల, నీళ్ళ లారీ నడుపుతుంది. పేరు వచ్చిందంటే వరసా వచ్చినట్టే. అరవై దాటిన ఊలీపీక ఆ పిల్లను పెద్దమ్మా అంటుంది, ఆ పిల్ల ఈమెను బిడ్డా అంటుంది. లారీ ఆపించి, కడిగిన ముల్లంగులు కిటికీలోంచి అందించింది.

"పెద్దమ్మా, ఇవి నీకు."

కూయూ ఒకటి కసుక్కున కొరికింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నోరు మండిపోతోందే! నిన్ను భూమ్మీదికి తెచ్చిన పాపానికి నన్ను చంపుతావా బిడ్డా?" అంటూనే మిగతావి కూడా తినేసింది. ఆ రోజు నుంచి లారీ మొదట ఆగేది చెమటిల్లు దగ్గరే.

రెండో ఏడు ఊలీపీక రేడియోకు ఫోన్ చేసింది. భర్త పోయిన ఆరేళ్ళ తర్వాత. నేను లైబ్రరీలో విన్నాను. "చెమటిల్లు దగ్గర ఏవో కొద్దిపాటి ఆకులున్నాయి. కుక్కలు కూడా ముట్టవు. తినగలిగినవాళ్ళు..." అంతే, ఊరు కదిలింది. నేను వెళ్ళేసరికి ఆమె నేలమీద అట్టలు పరిచి మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. వరసలు వరసలుగా టర్నిప్ దుంపలూ, ఉల్లికాడలూ, లెట్యూస్ ఆకులూ. పళ్ళు లేనివాళ్ళకు మెత్తటి ఆకు, పిల్లలున్న ఇంటికి దుంపలు. ఎవరికి ఏది ఇవ్వాలో కళ్ళతో పని లేకుండా, గొంతులు విని పంచింది. సాయంత్రానికి ఒక్క ఆకు మిగల్లేదు. తన కోసం కూడా ఉంచుకోలేదని నాకు ఇంటికి వచ్చాక తోచి, నా వాటాలో సగం పట్టుకెళ్ళాను. ఆమె గుమ్మంలోనే నిలబెట్టి, "నువ్వే తిను. ఈ రోజు నాకు ఆకలి లేదు" అని పంపేసింది. ఆ ముఖం చూడవలసింది.

నా తప్పు మూడో ఏడు జరిగింది.

దక్షిణం ఆఫీసు నుంచి మార్గో అనే ఆవిడ చూసిపోవడానికి ఒక్కరోజు విమానంలో వచ్చింది. మంచి మనిషే, నెమ్మదస్తురాలు. వచ్చింది ఆగస్టు చివర, ఊలీపీక పంచిపెట్టిన మర్నాడు. చెమటిల్లులో ఉన్నవి ఖాళీ మట్టి, నాలుగు మోళ్ళు, గోడకు మడిచి పెట్టిన పాత కాన్వాసు.

"ఈ ఏడు పంట ఎలా ఉందండీ?" అని మార్గో అడిగింది. నేను ఊలీపీకకు చెప్పాను.

ఊలీపీక నేల చూపులు చూస్తూ, "ఏం పండిందిలే. ఏమీ పండలేదు. ఏవో మొక్కలు" అన్నది. అని, మొక్కలు అన్న మాట చివర కులుక్ అన్నది. మా మాటలకు అదొక తోక. దేనికి తగిలిస్తే అది చిన్నదనీ, పాపమనీ, దాన్ని చూస్తే తన మనసు కరిగిపోతోందనీ, అన్నీ ఒకేసారి. తల్లులు పసిపిల్లలను అలాగే పిలుస్తారు. నేను బాగా ఆలోచించి, సరైన మాట ఏరి, "జాలి గొలిపే చిన్న మొక్కలు" అని మార్గోకు చెప్పాను.

"ఎవరికైనా ఉపయోగపడ్డాయా?"

"తినగలిగినవాళ్ళు ఎవరైనా తిన్నారేమో."

"ఈ పని మీకు పట్టుబడిందా?"

"నాకేం తెలుసు. నాకేమీ తెలియదు."

ఒక్క అక్షరం పొల్లుపోకుండా చెప్పాను. నా చెవికి అది ఎంత గొప్ప పంటో వినబడుతూనే ఉంది. అంత వంగి మాట్లాడుతున్నదంటే పొంగిపోతున్నదని తెలుస్తూనే ఉంది. అవతలి చెవిలో అదేదీ పడటం లేదని నాకు తట్టలేదు. ఇన్ని పుస్తకాలు చదివి కూడా తట్టలేదు. మార్గో అన్నీ రాసుకుని, ఊలీపీక చెయ్యి పట్టుకుని కాసేపు ఓదార్చినట్టు నిమిరి వెళ్ళింది. ఎందుకు నిమిరిందో అప్పుడైనా ఆలోచించవలసింది.

మూడు వారాలకు పంచాయతీ ఆఫీసుకు ఉత్తరం వచ్చింది. ఇల్లు విప్పి ఆ ఏటి ఆఖరి ఓడలో ఎక్కించాలి. కారణం కింద నా మాటలే ఉన్నాయి. జాలి గొలిపే చిన్న మొక్కలు. ఏమీ పండలేదు. నిర్వాహకురాలికి ఏమీ తెలియదు. మార్గో స్వయంగా వచ్చి ఊరికి వివరంగా చెబుతుందట.

ఆ కాగితం తీసుకుని ఊలీపీక ఇంటికి వెళ్ళాను. చదివి వినిపించి, "తప్పు నాది అక్కా" అన్నాను.

ఆమె కాగితం మడిచి నా చేతిలో పెట్టింది. "నేనన్నదే కదా నువ్వు చెప్పావు" అన్నది.

"నువ్వన్నది నేను చెప్పలేదు. మళ్ళీ వస్తోందిగా, అందరి ముందూ చెప్పు. బాగా పండింది, నేను పండించాను, ఊరంతా తిన్నదని చెప్పు. నేను అలాగే చెబుతాను."

"నేను పండించానని నా నోటితో అంటే, వచ్చే ఏడు అవి నా దగ్గరికి వస్తాయా?"

"అవి ముల్లంగులు అక్కా. సీల్ కాదు."

"నీకు చెప్పాయా?" అన్నది. ఆమె లేచి, గిన్నెల అలమార తెరిచి, పెద్ద గిన్నె ఒకటి తీసి తుడవసాగింది. రేడియో విని పట్టుకెళ్ళే గిన్నె అది. ఆకులు పంచడం మొదలుపెట్టాక వాడలేదు. "దీన్ని మళ్ళీ బయట పెట్టుకోవాలిగా" అని తనలో తను అనుకున్నట్టు అన్నది. నేను ఇంక అక్కడ నిలబడలేకపోయాను.

తిన్నగా జేపూటి దగ్గరికి వెళ్ళాను. గుమ్మం ముందు వల బాగుచేసుకుంటున్నాడు. సంగతంతా చెప్పాను.

"ఊలీపీకను పొగడమంటావా? నా వల్ల కాదమ్మా. మరదలు. నోరు పడిపోతుంది."

"పొగడొద్దు, అన్నా. తిట్టు."

వల దించి నావైపు చూశాడు. "ఎంతసేపు?"

"నీ ఇష్టం వచ్చినంతసేపు."

"టీ పోస్తారా మధ్యలో?"

మార్గో వచ్చిన రోజు మీటింగు మధ్యాహ్నం రెండింటికి, ఊరి హాల్లో. చెప్పకుండానే ఊరంతా వచ్చింది. ఊలీపీక మూడో వరసలో తలగుడ్డ కట్టుకుని కూర్చుంది. మార్గో ముందు నిలబడి మెత్తగా మాట్లాడింది. ఎవరి తప్పూ లేదన్నది, చలి ప్రాంతంలో కష్టమేనన్నది. ఎవరైనా మాట్లాడతారా అని అడిగింది. జేపూటి లేచాడు.

"ఆ ఇల్లు ఒక్కటే పట్టుకుపోతే ఎలాగమ్మా? నా మరదల్ని కూడా పెట్టెలో పెట్టి మేకులు కొట్టి పట్టుకుపో. ఈవిడ వల్ల నేను నాశనమైపోయాను."

హాలు సర్దుకుని కూర్చుంది. నేను మార్గో చెవిలో చెబుతూ పోయాను.

"నలభయ్యేళ్ళు నా భార్య నేను తెచ్చిన చేప తిని నోరెత్తలేదు. ఇప్పుడు ఉల్లికాడ లేదేమంటుంది! చేప పట్టుకుని గుమ్మంలోకి వస్తే నా ముఖం చూడదు, నా వెనక ఉల్లికాడ వస్తోందా అని చూస్తుంది. మొన్న జూలైలో రోజంతా పడవలో తడిసి సీల్ తెచ్చాను. రేడియోకు ఫోన్ చేద్దామంటే ఈవిడ లైను వదల్లేదు. ఊరంతా ఈవిడ ఆకుల దగ్గరికి పరిగెత్తింది. నా సీల్ దగ్గరికి ఎవరొచ్చారు? రెండు కుక్కలు!"

"ఆ సీల్ అంత ముసలిది బావా," ఊలీపీక కూర్చున్న చోటునుంచే అన్నది, "నీ చుట్టమనుకుని ఎవరూ ముట్టలేదు."

హాలు గొల్లుమంది. జేపూటి ఆగలేదు. "మలబద్ధకమని వారానికోసారి నర్సు దగ్గరికి వెళ్ళేవాణ్ణి. మంచి పిల్ల, నవ్వుతూ మాట్లాడేది. ఈవిడ టర్నిప్ తిన్నాక ఆ ముచ్చటా పోయింది. ఆదివారం చర్చిలో ఊరంతా ముల్లంగి తేన్పులు. పాస్టరు ప్రార్థన సగంలో ఆపేశాడు. నాకున్నవి మూడు పళ్ళు, వాటిమీద కూడా ఈవిడకు కన్ను. క్యారెట్లు పంపిస్తుంది!" టీ అందుకుని ఒక గుక్క తాగాడు. "నేను ఈవిడ మీద ఫిర్యాదు చెయ్యడానికి మూడేళ్ళ నుంచి ఎదురుచూస్తున్నాను. ఆఖరికి ఒకరొచ్చారు. ఇప్పుడేమో ఇల్లు తీసుకెళ్ళిపోతానంటారు. మరి నేను వచ్చే ఏడు ఎవర్ని తిట్టుకోవాలి?"

కూర్చున్నాడు. మార్గో అయోమయంగా నావైపు తిరిగింది. "ఈయనకు అది వద్దంటున్నారా?"

అప్పుడు నేను, ఈ పనిలో ఇరవయ్యేళ్ళలో మొదటిసారి, ఎవరూ అనని మాట చెప్పాను. ఈయన ఆమెకు బావ అని, ఇంతకన్నా పెద్ద పొగడ్త ఈ ఊళ్ళో నేను వినలేదని చెప్పాను. మీరు చూసిన మట్టి ఖాళీగా ఉన్నది పండక కాదు, పంచినందువల్ల అన్నాను. పోయినసారి నేను మాటలు చెప్పాను, ఆమె చెప్పినది చెప్పలేదు, ఉత్తరంలో ఉన్నది నా తప్పే అన్నాను. నా చెవులు మండుతున్నాయి. అంతమందిలో అంతసేపు నా సొంత మాట మాట్లాడటం నాకు అలవాటు లేదు.

మార్గో చేతిలోని కాగితాలు బల్ల మీద పెట్టేసింది. తర్వాత మూడో వరస దాకా నడిచి వెళ్ళి, ఊలీపీక ముందు మోకాళ్ళ మీద కూర్చుని అడిగింది. "ఆ ఇల్లు ఇక్కడే ఉండాలని మీకు ఉందా?"

నేను చెప్పాను. ఊలీపీక ఆమె ముఖంలోకి చూస్తూ కనుబొమలు పైకెత్తింది.

మార్గో ఎదురుచూస్తూ ఉండిపోయింది. మళ్ళీ అడిగింది. ఊలీపీక ఈసారి కనుబొమలు ఎంత పైకెత్తిందంటే తలగుడ్డ వెనక్కి జరిగింది.

"ఆవిడ జవాబు చెప్పడం లేదు" అన్నది మార్గో, నావైపు తిరిగి.

"చెప్పారండీ. రెండుసార్లు చెప్పారు. మాకు అవునంటే అదే."

వెనక వరసలో కూయూ పకపకా నవ్వింది, ఆ వెంటనే అందరూ. మార్గో ముఖం ఎర్రబడింది. ఊలీపీక వైపు తిరిగి, చేతకాకపోయినా, కళ్ళు పెద్దవి చేసుకుని తన కనుబొమలు రెండూ పైకి లాగింది. ఊలీపీక ఆమె చెయ్యి పట్టుకుని, ఓదార్చినట్టు నిమిరింది.

నాలుగు రోజుల తర్వాత ఆఖరి ఓడ ఖాళీ డ్రమ్ములు మాత్రమే ఎక్కించుకుని వెళ్ళిపోయింది.